నిధులంటే చదువుకునే పిల్లల పరిశోధనకూ నిధులే
(డిగ్రీ విద్యార్థులు, అధ్యాపకుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్లు, నిధులు, నియామకాలని మనం ఏండ్ల తరబడి కొట్లాడినం. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. మరి నిధులంటే కాల్వలకు, రోడ్లకేనా? ఒక డిగ్రీ విద్యార్థి తన ఊరి సమస్యను తానే పరిశోధిస్తానంటే, దానికిచ్చే పది ఇరవై వేలు కూడా నిధులే.

ఉద్యమానికి బలం నినాదమొక్కటే కాదు, లెక్కలు. 1985లో 610 జీవో వచ్చినా, 2001లో గిర్‌గ్లానీ కమిషన్ పడినా, వాటి వెనుక ఉద్యోగులు తీసిన లెక్కలున్నయి. జయశంకర్ సార్ ఊరూరా చెప్పిందీ లెక్కలే. లెక్క తీయడమే పరిశోధన.

ఇప్పుడు డిగ్రీ విద్యార్థికి ఏమున్నయో చూద్దాం. కేంద్రం 2008లో మొదలుపెట్టిన ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80 వేలు. అందులో 60 వేలు విద్యార్థి చేతికి, 20 వేలు వేసవిలో ఒక గైడ్ దగ్గర చేసే ప్రాజెక్టుకు. కానీ ఇంటర్‌లో బోర్డు మొత్తంలో పైనున్న ఒక్క శాతంలో ఉండాలె, లేదా జేఈఈ వంటి పరీక్షల్లో మంచి ర్యాంకు రావాలె. అదీ మౌలిక సైన్సు చదివేవాళ్లకే. 1999 నుంచి నడిచిన కేవీపీవై 2022లో ఆగిపోయి ఇన్‌స్పైర్‌లో కలిసింది. మూడు సైన్సు అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలల ఫెలోషిప్ ఇస్తయి. అప్లికేషన్ పెట్టుకోండి, మార్కులు తక్కువని వెనుకకు పోవద్దు.

బీఏ, బీకాం పిల్లల సంగతేంది? సామాజిక శాస్త్రాలకు ఐసీఎస్ఎస్ఆర్ ఉన్నది, దాని ఫెలోషిప్‌లు పీహెచ్‌డీ దగ్గర మొదలైతయి. మన కళాశాల విద్యా కమిషనరేట్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో 'జిజ్ఞాస' పేరుతో స్టడీ ప్రాజెక్టుల పోటీ పెడుతున్నది. మంచి పని, మెచ్చుకుంటం. కానీ బహుమతి పని అయినంక గెలిచినోళ్లకు వస్తది. బస్సు చార్జీ, నీళ్ల పరీక్ష ఖర్చు పనికి ముందే కావాలె. కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డ ఆ ఖర్చు ఎక్కడినుంచి తెస్తది?

పక్క రాష్ట్రాన్ని చూడండి. కర్ణాటక సైన్స్ అండ్ టెక్నాలజీ మండలి నాలుగు దశాబ్దాలకు పైగా ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టులకు డబ్బులిస్తున్నది. తమిళనాడు మండలికీ అటువంటి పథకమున్నది.

మనకు సమస్యలు తక్కువా? నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. దాన్ని తయారు చేసింది నాగపూర్‌లోని నీరి సంస్థ. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో పని. మన జిల్లా పేరు ప్రపంచానికెక్కింది, మన జిల్లా పిల్లలకు ప్రయోగశాల ఖర్చు దొరకొద్దా? 46 వేల చెరువులన్నం. మన ఊరి చెరువు కింద ఎన్ని ఎకరాలు పారుతున్నదో బీఏ విద్యార్థి లెక్క తీయగలడు.

అందుకే మూడు మాటలు. బడ్జెట్‌లో డిగ్రీ పరిశోధనకు విడిగా పద్దు పెట్టాలె, ఆర్ట్స్, కామర్స్‌తో సహా. సగం డబ్బు పనికి ముందే ఇయ్యాలె. తయారైన రిపోర్టు గ్రామపంచాయతీకి చేరాలె.

సర్కారు ఇచ్చేదాకా చేతులు ముడుచుకోవద్దు. సకల జనుల సమ్మెలో 2011లో జీతాలు వదులుకున్న ఉద్యోగులు మనోళ్లే. చదివిన కాలేజీకి తలా కొంత వేస్తే చిన్న నిధి అయితది. అధ్యాపకులు గైడ్‌గా సంతకం పెడితే చాలు, విద్యార్థి కదులుతడు.

రాష్ట్రం కోసం లెక్కలడిగిన తరం మనది. రాష్ట్రంలో లెక్కలు తీసే తరాన్ని తయారు చేద్దాం.

జై తెలంగాణ!