భూమిపై చోటును గుర్తించుట: పటములు, గడులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



పాఠశాల గోడలపై వ్రేలాడు ప్రపంచ పటమును చూడనివారు అరుదు. ఆ పటము మెర్కేటర్ పద్ధతిని గీచినదైనచో, అందు గ్రీన్లాండు ఇంచుమించు ఆఫ్రికా ఖండమంత కనబడును. యథార్థమున ఆఫ్రికా వైశాల్యము సుమారు 3 కోట్ల చదరపు కిలోమీటర్లు. గ్రీన్లాండు వైశాల్యము 22 లక్షలకు లోపు. అనగా ఆఫ్రికాలో గ్రీన్లాండులు పదునాలుగు వరకు ఇముడును. భారతదేశము సైతము గ్రీన్లాండు కంటె ఒకటిన్నర రెట్లు పెద్దది. అయినను ఆ పటమున చిన్నదిగా తోచును. పటము అబద్ధమాడుచున్నదా యన్నచో, కాదు. అది ఒక గుణమును కాపాడుకొనుటకై వేరొక గుణమును వదలుకొన్నది. ఏది కాపాడినదో, ఏది వదలినదో ఎరిగినవారికే పటము ఉపకరించును. నేడు పొలముల హద్దులు ఉపగ్రహముల సాయమున కొలువబడుచున్నవి గనుక, ఈ ఎరుక విద్యార్థులతోపాటు రైతులకును అవసరమైనది.

భూమి గోళాకారమనుట ఈ దేశమునకు క్రొత్త సంగతి కాదు. ఆర్యభటుడు భూగోళమును కదంబ పుష్పముతో పోల్చెను. గోళముపై ఒక చోటును చెప్పుటకు రెండు సంఖ్యలు చాలును. భూమధ్యరేఖకు ఉత్తరముగనో దక్షిణముగనో ఎన్ని డిగ్రీలున్నదో తెలుపునది అక్షాంశము. ఒక నియమిత రేఖకు తూర్పుగనో పడమరగనో ఎన్ని డిగ్రీలున్నదో తెలుపునది రేఖాంశము. అక్షాంశమును ఆకాశమే చూపును: ధ్రువ నక్షత్రము దిఙ్మండలమునకు ఎన్ని డిగ్రీల ఎత్తున కనబడునో, ఆ చోటి అక్షాంశము ఇంచుమించు అంతయే. విజయవాడలో అది సుమారు పదునారున్నర డిగ్రీలు.

రేఖాంశమునకు అట్టి సహజమైన మొదలు లేదు, జనులు ఏర్పరచుకొనవలసినదే. మన సిద్ధాంత గ్రంథములు ఉజ్జయిని మీదుగా పోవు రేఖను మొదలుగా గ్రహించినవి. పంచాంగ గణితమున దేశాంతర సంస్కారమనునది ఆ రేఖనుండి ఊరికిగల దూరమునుబట్టి చేయు సవరణయే. 1884లో వాషింగ్టనున జరిగిన అంతర్జాతీయ సభ ఇంగ్లండులోని గ్రీనిచ్ రేఖను మొదలుగా అంగీకరించెను. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును గనుక ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషములు పట్టును. భారతదేశపు ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును అనుసరించును. ఆ రేఖ తుని ప్రాంతమున పోవుచున్నది. 82½ను నాలుగుచేత గుణించిన 330 నిమిషములగును. గ్రీనిచ్ కంటె మన గడియారములు అయిదున్నర గంటలు ముందుండుట ఇందువలననే.

అక్షాంశమున ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. అందు అరువదవ వంతు నిమిషము. నిమిషమున అరువదవ వంతు సెకను. ఒక సెకను భూమిపై సుమారు 31 మీటర్లు. రేఖాంశపు డిగ్రీ అట్లు స్థిరమైనది కాదు. రేఖాంశములన్నియు ధ్రువములవద్ద కలియును గనుక, పైకి పోయినకొలది వాని నడిమి దూరము తగ్గును. విజయవాడ అక్షాంశమున రేఖాంశపు డిగ్రీ సుమారు 107 కిలోమీటర్లు మాత్రమే. కావున డిగ్రీలతో దూరములను, వైశాల్యములను లెక్కించుట సామాన్యులకు కష్టము. ఈ కష్టమును తీర్చుటకే గోళమును చదునైన కాగితముపైకి దింపు పద్ధతులు ఏర్పడినవి. వీనికి ప్రక్షేపములని పేరు.

బత్తాయి తొక్కను ఒలిచి బల్లపై పరచినచో అది చీలకయో ముడుత పడకయో ఉండదు. గోళమును ఏ వికారమును లేక చదును చేయుట అసాధ్యమని 1827లో జర్మను గణితవేత్త గౌస్ నిరూపించెను. కాని గుండ్రని గొట్టమును నిలువున కోసి పరవవచ్చును. తాటాకు గిడుగు వంటి శంకువును సైతము కోసి పరవవచ్చును. అందుచేత గోళమునకు గొట్టమునో శంకువునో తొడిగి, భూమిపై గీతలను గణితమార్గమున దానిపైకి మార్చి, పిదప విప్పి పరతురు. తొడుగు గోళమును తాకుచోట కొలత సరిగా నుండును. దూరమైనకొలది వికారము పెరుగును.

1569లో మెర్కేటర్ రచించిన పటము గొట్టపు తరగతికి చెందినది. అది దిక్కులను, కోణములను కాపాడును. దిక్సూచిని ఒకే కోణమున నిలిపి ఓడ సాగించు మార్గము ఆ పటమున తిన్నని గీతయగును. నావికులకు అదియే కావలసినది. అందుకు ప్రతిగా 60 డిగ్రీల అక్షాంశమువద్ద పొడవులు రెండింతలు, వైశాల్యములు నాలుగింతలు పెరిగి కనబడును. గ్రీన్లాండు పెద్దదగుటకు కారణమిదియే.

ఈ దేశమున శాస్త్రీయ భూమాపనము 1802లో మద్రాసు సమీపమున సెయింటు థామస్ మౌంటువద్ద లాంబ్టన్ ఆధార రేఖను కొలుచుటతో మొదలయ్యెను. త్రిభుజమున ఒక భుజమును, కోణములను తెలిసికొన్నచో తక్కిన భుజములు లెక్కకు వచ్చును. ఆ విధమున త్రిభుజముపై త్రిభుజమును అల్లుచు ఉత్తరమునకు సాగిరి. అతని సహాయకుడు ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడిమి అడవులలో జ్వరపడి, 1820లో స్వస్థతకై గుడ్‌హోప్ అగ్రమునకు పోవలసివచ్చెను. ఆ శ్రమనుండియే 1830లో ఎవరెస్టు గోళప్రమాణము వెలసెను. భూమి ధ్రువములవద్ద ఒకింత అణగియుండును గనుక, దాని ఆకారమును, కొలతను నిర్ణయించు ప్రమాణమిది. దేశపు పాత పటములు దీనినే ఆధారముగా గొన్నవి.

2005లో ప్రకటించిన జాతీయ పట విధానమును అనుసరించి, ప్రజలకు విడుదలయగు పటములు ఉపగ్రహములకు అనువైన డబ్ల్యు.జి.యస్. 84 ప్రమాణమునకు, యు.టి.యం. అను ప్రక్షేపమునకు మారినవి. ఈ పద్ధతిలో గొట్టమును అడ్డముగా తొడుగుదురు. భూమిని ఆరేసి డిగ్రీల వెడల్పుగల 60 మండలములుగా విభజింతురు. తెలుగు నేలలో అధిక భాగము 78 మొదలు 84 డిగ్రీల వరకు గల 44వ మండలమున చేరినది. అనంతపురము, నారాయణపేట 43వ మండలమునను, ఇచ్ఛాపురము 45వ మండలమునను ఉన్నవి. 44వ మండలపు నడిమిరేఖ 81వ డిగ్రీ. అది ఏలూరునకు కొంచెము పడమరగా పోవును. ఆ రేఖకు తూర్పు సంఖ్య 5,00,000 మీటర్లని పెట్టుకొందురు. ఋణ సంఖ్యలు రాకుండుటకే ఈ ఏర్పాటు. ఉత్తర సంఖ్యను భూమధ్యరేఖనుండి లెక్కింతురు.

విజయవాడ పరిసరములలో ఒక చోటికి తూర్పు 4,62,000, ఉత్తరము 18,24,000 అనుకొందురు గాక. అనగా ఆ చోటు నడిమిరేఖకు 38 కిలోమీటర్లు పడమరగా, భూమధ్యరేఖకు 1,824 కిలోమీటర్లు ఉత్తరముగా ఉన్నదని పటపు లెక్క. వేరొక చోటు అచటికి 300 మీటర్లు తూర్పున, 400 మీటర్లు ఉత్తరమున ఉన్నచో, రెంటి నడుమ దూరము 500 మీటర్లు. భుజకోటికర్ణ న్యాయము తెలిసిన బాలుడు సైతము దీనిని చెప్పగలడు. గడుల పద్ధతి చేసిన మేలిదియే.

అయినను రెండు జాగ్రత్తలు కావలెను. మొదటిది: ఈ ప్రక్షేపమున వికారము మండలమంతట సమముగా సర్దుబాటగుటకై నడిమిరేఖపై కొలతను 0.9996 వంతుకు తగ్గింతురు. పటపు సంఖ్యలతోనే వైశాల్యము కట్టినచో, ఆ రేఖవద్ద ఎకరమునకు సుమారు 4 చదరపు గజములు తక్కువ వచ్చును. అది నేల తరిగిపోవుట కాదు, సవరింపవలసిన లెక్క. రెండవది మరింత ముఖ్యమైనది. పాత ఎవరెస్టు ప్రమాణపు అక్షాంశ రేఖాంశములును, క్రొత్త ప్రమాణపువియు ఒక్కటి కావు. తెలుగు నేలపై రెంటి నడుమ వ్యత్యాసము నూరు మీటర్లను మించును. చేతి ఫోను చూపిన సంఖ్యలను మార్పు చేయక పాత పటముపై గుర్తించినచో, ఒకరి బావి మరియొకరి పొలమున పడును. తప్పు బావిది కాదు, పొలముది కాదు. రెండు ప్రమాణములను కలిపినవారిది.

2020లో ఆంధ్రప్రదేశమున భూముల పునఃసర్వే ఆరంభమైనది. ఇట్టి కార్యములలో రైతు చేతికి పటముతోపాటు సంఖ్యలును వచ్చును. వానిని చూడగానే నాలుగు ప్రశ్నలు వేయుట మంచిది: ఇవి ఏ గోళప్రమాణమును అనుసరించినవి? ఏ ప్రక్షేపము? ఏ మండలము? కొలత గజములా, మీటర్లా? ఈ నాలుగింటికి సమాధానమున్న సంఖ్యలు పొలమును ఖచ్చితముగా చూపును. రాయి కదలవచ్చును, గట్టు తెగవచ్చును. వివరములతో వ్రాసియుంచిన సంఖ్యలనుబట్టి ఆ రాతిని తిరిగి అదే చోట పాతవచ్చును. ఆ నాలుగు ప్రశ్నలను ధైర్యముగా అడుగగల వారిని ప్రతి గ్రామమున తయారుచేయుట గ్రంథాలయములకు తగిన పని.