మూడు నిముషాల గడువు లేని ఫోను

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం 1982 నాటి నకారా తీర్పును తలచుకుంటాం. డి.ఏ. గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. వాటి మీద నాకంటే సమర్థులు ఈ వేదిక మీదే ఉన్నారు. నాకు అప్పగించిన విషయం వేరు. బతుకు మీద విరక్తి పుట్టినవారు ఫోను చేస్తే పలికే ఒక స్వచ్ఛంద కేంద్రంలో నేను వారానికి ఒక పూట కూర్చుంటాను. అక్కడ ఏం జరుగుతుందో చెప్పమన్నారు కార్యదర్శి గారు. పండగ పూట ఈ ఆత్మహత్యల గోలేమిటని ఒకరిద్దరు నొసలు చిట్లించారట. వారు నన్ను మన్నించాలి.

మీలో చాలామందికి తెలుసు, నేను 1971లో ట్రంక్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. మూడు నిముషాలు కాగానే లైనులోకి వచ్చి గుర్తుచేయడం మా పని. ఇటు తల్లి ఏడుస్తున్నా, అటు కొడుకు ఏడుస్తున్నా మూడు నిముషాలు మూడు నిముషాలే. వారి మాటలు వినకూడదు, చెవిని పడ్డా బయట చెప్పకూడదు. ఇప్పుడు చేసేది సరిగ్గా తలకిందులు. వినడమే పని, గడువు లేదు. బయట చెప్పకూడదన్నది మాత్రం మారలేదు. అందుచేత ఫోను చేసినవారి కథ ఒక్కటి కూడా ఈ రోజు మీరు నా నోట వినరు. పేరూ ఊరూ మార్చి కూడా చెప్పను. నా కథే చెబుతాను.

2009లో, నేను రిటైరైన మరుసటి ఏడు, మా సెక్షన్‌లోనే పనిచేసిన ఒక మిత్రుడు సాయంత్రం పూట మా ఇంటికి వచ్చాడు. భార్య పోయి ఏడాది అయింది. కాసేపు కూర్చుని, "ఇంకా ఎందుకురా ఉండడం, ఎవరికి పనికొస్తున్నాను" అన్నాడు. నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఛ, అవేం మాటలు! నీకేం తక్కువ? పెన్షనొస్తోంది, కొడుకు స్థిరపడ్డాడు. రేపటి నుంచి నాతో పాటు నడకకు రా, భగవద్గీత చదువుకో" అన్నాను. సరేనన్నాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. నాలుగో రోజున కబురు వచ్చింది.

నేను మరోలా మాట్లాడి ఉంటే ఆయన బతికేవాడా అంటే ఎవరూ చెప్పలేరు. ఇటువంటివాటికి ఒకే కారణం ఉండదని తరవాత నాకు శిక్షణ ఇచ్చినావిడ చెప్పారు. కానీ ఆయన మాట మొదలుపెట్టగానే నేను మూత పెట్టానన్నది మాత్రం నిజం. నడకకు రమ్మన్నాను గాని, ఏమైందిరా అని అడగలేదు. అది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ తరవాతే కేంద్రంలో చేరాను.

ఈ పద్ధతికి మూలపురుషుడు ఇంగ్లండులో ఛాద్ వరా అనే మతబోధకుడు. 1935లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయన జరిపించిన మొదటి అంత్యక్రియ పద్నాలుగేళ్ల ఆడపిల్లది. ఆ పిల్ల రజస్వల అయింది. అదేదో చెడ్డ జబ్బనుకుని, అడగడానికి ఎవరూ లేక ప్రాణం తీసుకుంది. 1953 నవంబరులో ఆయన లండనులోని తన చర్చిలో ఒక టెలిఫోను పెట్టి, చనిపోవాలనుకుంటున్నవారు ఫోను చేయండని ప్రకటించాడు. ఫోన్లూ వచ్చాయి, మనుషులూ వచ్చారు. ఆయన్ను కలవడానికి వచ్చినవారు బయటి గదిలో కాచుకుని ఉంటే, సాయానికి వచ్చిన మామూలు మనుషులు వారికి టీ కాఫీలు ఇచ్చి పక్కన కూర్చునేవారు. లోపలికి పిలిచేసరికి చాలామంది, ఇక అక్కరలేదండీ అని వెళ్లిపోవడం ఆయన గమనించాడు. తన ఉపదేశం కన్నా ఆ పక్కన కూర్చున్నవారి చెవే ఎక్కువ పనిచేస్తోందని ఒప్పుకుని, 1954లో ఆ పనిని వారికే అప్పగించాడు. అదే సమారిటన్స్ సంస్థ. ఒక మతబోధకుడు తన బోధ అక్కరలేదని గ్రహించడం చిన్న విషయమా? మన దేశంలో చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ గారు స్థాపించిన స్నేహ, హైదరాబాదులో 1997 నుంచి పనిచేస్తున్న రోష్ని ఈ కోవలోవే.

ఇక పని ఎలా జరుగుతుందంటారా? ముందు ఇంటర్వ్యూ, ఆ తరవాత కొన్ని వారాల శిక్షణ. ఒకరు ఫోను చేసినట్టు, ఒకరు పలికినట్టు నటింపజేస్తారు. మొదటి రోజు అర నిముషం తిరక్కుండానే "చూడమ్మా, నా మాట విను" అన్నాను. అందరూ నవ్వారు. ముప్పై ఏడేళ్ల సర్వీసు, ఇద్దరు పిల్లల పెంపకం, అన్నీ ఆ "నా మాట విను"లోనే ఉన్నాయి. అది మానడానికి నాకు మూడు నెలలు పట్టింది. మా ఆవిడ ఇంట్లో ఇంకా మానలేదంటుంది.

ఫోను మోగుతుంది. మన పేరు, చిరునామా చెప్పం. వారి పేరు అడగం. కులం, మతం, పార్టీ ఏదీ లైనులోకి రాకూడదు. కొందరు ఎత్తగానే మాట్లాడరు. ఊపిరి మాత్రమే వినిపిస్తుంది. అప్పుడు పెట్టేయకూడదు. "ఉన్నానండి, మీకు వీలైనప్పుడే మాట్లాడండి" అని చెప్పి ఊరుకోవాలి. ఎక్స్ఛేంజిలో పలకని లైను తీసేయడం అలవాటైన నాకు ఆ మౌనం మొదట్లో చాలా కష్టమైంది.

మాటలు సాగాక అడగవలసిన ప్రశ్న ఒకటుంది. తిప్పకుండా, మెత్తగా, సూటిగా అడగాలి: "చనిపోవాలని అనిపిస్తోందా?" ఇది విని మీలో కొందరు ఉలిక్కిపడ్డారు. లేని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదా అని నేనూ వాదించాను. కాదు. ఆ భయం అపోహేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. ఆ ఆలోచన ఉన్న మనిషికి, దాన్ని నోటితో అనడానికి ఒకచోటు దొరికిందన్న ఊరట కలుగుతుంది. అవునంటే, ఎప్పటి నుంచి, ఈ రోజేనా, అందుకు ఏదైనా సిద్ధం చేసుకున్నారా అని అడుగుతాం. చేసుకుని ఉంటే దాన్ని దూరంగా పెట్టమని, లేదా ఇంట్లో ఎవరి చేతికైనా ఇమ్మని కోరతాం. ఆ ఘడియ దాటితే చాలామందిలో ఆ ఉద్ధృతి తగ్గుతుంది. పక్కన ఎవరున్నారు, ఎవరిని పిలవగలరు అని కలిసి ఆలోచిస్తాం. డాక్టరు అవసరమైతే ఆ మాటా చెబుతాం. మేము వైద్యులం కాము, అప్పులు తీర్చలేం, కోడళ్లను మార్చలేం.

అన్నీ బాగా ముగుస్తాయని చెప్పను. కొన్నిసార్లు మధ్యలో లైను తెగిపోతుంది. మళ్లీ మోగదు. ఏమైందో ఎప్పటికీ తెలియదు. ఆకతాయి ఫోన్లు సరేసరి. అందుకే డ్యూటీ దిగేముందు సీనియరుతో కూర్చుని ఆ పూట భారమంతా చెప్పుకోవాలన్నది మా నియమం. వినేవాడి మాట కూడా ఎవరో ఒకరు వినాలి కదా.

పోలీసు కేసని భయపడి దాచేవారు ఇంకా ఉన్నారు గనుక ఒక్క మాట. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించి చికిత్స ఇవ్వాలంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షను లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి ఆపడానికి బెదిరింపుగా చేస్తే అది వేరు.

మన ఇళ్లలో ఇంటర్ ఫలితాల రోజున గది తలుపు వేసుకునే మనవలున్నారు. పిల్లలు అమెరికాలో, తాము మూడు గదుల ఇంట్లో ఒంటరిగా ఉన్న మిత్రులున్నారు. నెల నెలా సమావేశానికి వస్తూ హఠాత్తుగా మానేసినవారి పేర్లు మన హాజరు పుస్తకంలోనే దొరుకుతాయి. ఈ నెల నాలుగు పేర్లు నేను చూసి పెట్టుకున్నాను. ఆదివారం ఇద్దరి ఇళ్లకు వెళుతున్నాను. మిగతా ఇద్దరూ మా పేట వైపు కాదు. ఆ దగ్గరివారు ఎవరైనా వెళ్లగలరా అని సభాముఖంగా అడుగుతున్నాను. వెళ్లినవారు గీత సంగతి ఎత్తకండి.

ఒక నంబరు రాసుకోండి: 14416. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. అక్కడ మాట్లాడేవారు జీతం మీద పనిచేసే శిక్షణ పొందిన కౌన్సిలర్లు. కళ్లజోడు తెచ్చుకోనివారికి కార్యదర్శి గారు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయిస్తారు.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. మూడు నిముషాలు ఎప్పుడో దాటాయి. అడగదలచినవి ఉంటే భోజనాల దగ్గర అడగండి, చివరి వరుసలోనే ఉంటాను.