శత్రువు తీసిన దృశ్యాలతో: ‘వై వుయ్ ఫైట్’ చిత్రమాలిక, ఎనభై ఏళ్ల తరువాత



ప్రేక్షకుణ్ణి ముందే నిశ్చయించిన ఒక అభిప్రాయానికి తీసుకురావడమే ధ్యేయంగా ప్రభుత్వమో పక్షమో తీయించినది ప్రచారచిత్రం. అందులో చెప్పినది అబద్ధమే అయి ఉండాలన్న నియమం లేదు. ఈ భేదం పాటించకపోతే, ఫ్రాంక్ కాప్రా ఆధ్వర్యంలో 1942-45 మధ్య అమెరికా సైన్యం కోసం తయారైన ఏడు చిత్రాల ‘వై వుయ్ ఫైట్’, అంటే ‘మనం పోరాడుతున్నదెందుకు’ అనే మాలికకు న్యాయం జరగదు.

కొత్తగా సైన్యంలో చేరినవారికి యుద్ధకారణాలను ఉపన్యాసాలతో బోధించడం ఫలించడం లేదని గ్రహించిన సేనాధిపతి జార్జ్ మార్షల్ ఆ పనిని కాప్రాకు అప్పగించగా, సిసిలీలో పుట్టి బాల్యంలోనే అమెరికా చేరిన ఆ దర్శకుడు, లెనీ రీఫెన్‌స్టాల్ 1935 నాటి నాజీ చిత్రం ‘ట్రయంఫ్ ఆఫ్ ది విల్’ చూసి దాని శక్తికి కలవరపడి, శత్రువు తన గొప్ప కోసం తీసుకున్న దృశ్యాలనే శత్రువు మీద సాక్ష్యంగా నిలబెట్టాలని నిశ్చయించాడు. దృశ్యఖండాలను ఏరి, కోసి, వరుస కూర్చే సంకలనకళ ఎంత పని చేయగలదో ఇక్కడ స్పష్టమవుతుంది: న్యూరెంబర్గ్‌లో జరిగిన నాజీ సభలో క్రమశిక్షణకు ప్రతీకగా కదిలిన పంక్తులే, నటుడు వాల్టర్ హ్యూస్టన్ వ్యాఖ్యానం తోడయ్యేసరికి, ఆలోచన కోల్పోయిన బానిసల బారులుగా కనిపిస్తాయి. మాలికలో నేటికీ వన్నె తగ్గనిది ఈ పనితనమే. అయితే ధ్వని ఆపి చూస్తే ఆ పంక్తుల్లో పాత సమ్మోహనం మళ్లీ తల ఎత్తుతుందన్నది కూడా నిజమే. అరువు తెచ్చుకున్న బింబం తన మొదటి యజమానిని పూర్తిగా మరచిపోదు.

కాలం తీవ్రంగా దెబ్బతీసినది చిత్రాలు పలికిన మాటలకన్నా, పాటించిన మౌనాలను. ‘ది బ్యాటిల్ ఆఫ్ రష్యా’ సోవియట్ ప్రజల త్యాగాన్ని హృదయం ద్రవించేలా చూపుతూనే, 1939 ఆగస్టులో స్టాలిన్ ప్రభుత్వం హిట్లర్‌తో చేసుకున్న ఒప్పందాన్ని దాటేసింది. మాటల్లోనూ దెబ్బతిన్నవి ఉన్నాయి: జపాను ప్రపంచాక్రమణ పథకమంటూ చూపిన ‘తనాకా పత్రం’ కూట రచన అని నేటి చరిత్రకారులు అత్యధికులు భావిస్తున్నారు.

ఈ మాలికకు మరో ప్రత్యేక విలువ ఉంది. దాని ప్రభావాన్ని మనస్తత్వవేత్త కార్ల్ హోవ్‌లాండ్ బృందం సైనికుల మీదే పరీక్షించి, ఫలితాలను 1949లో గ్రంథంగా ప్రకటించింది. చిత్రం చూసినవారికి యుద్ధవిషయాలు బాగా తెలిశాయి, కొన్ని అభిప్రాయాలూ మారాయి, కాని పోరాడాలన్న ఉత్సాహం చెప్పుకోదగినంతగా పెరగలేదు. అంతకన్నా ఆశ్చర్యకరంగా, ‘ది బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’ చూసిన తొమ్మిది వారాలకు వివరాలు చాలావరకు మరపున పడినా, కొన్ని అభిప్రాయాల్లో మార్పు తొలి రోజులకన్నా పెరిగింది. వెంటనే బయటపడక కాలం గడిచాక పైకి వచ్చే ఈ ఫలితాన్ని నిద్రాణ ప్రభావం అంటారు. ప్రచారాన్ని చూసిన క్షణపు కరతాళాలతో కొలిచే విమర్శకు ఈ ఒక్క ఫలితం చాలినంత హెచ్చరిక.

మౌనాల సంగతికి తిరిగి వస్తే, తొలి చిత్రం ‘ప్రెల్యూడ్ టు వార్’లో స్వేచ్ఛాలోకం, బానిసలోకం అంటూ రెండు భూగోళాలు కనిపిస్తాయి: ఒకటి తెల్లనిది, ఒకటి నల్లనిది. ఆ బొమ్మను శిక్షణ శిబిరాల్లో చూసినవారిలో నల్లజాతి సైనికులూ ఉన్నారు. తెల్లవారితో కలవకుండా వేరు దళాల్లో ఉంచబడినవారు. వారి సేవలను కీర్తిస్తూ కాప్రా విభాగమే 1944లో ‘ది నీగ్రో సోల్జర్’ తీసింది గాని, అందులో ఈ వేర్పాటు గురించి ఒక్క మాట లేదు. సైన్యంలో ఆ వేర్పాటుకు స్వస్తి పలకమని అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశించేసరికి యుద్ధం ముగిసి మూడేళ్లయింది.