పెళ్ళి కేకు – వడ్డన మర్యాద

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధర్మసోదరులారా! మన కొండకర్ల పరిసరాలలో వలీమా విందులందు కేకు కోయడం ఆచారమవుతోంది. ఇది ధర్మసమ్మతమేనా అని యువకులు మమ్మల్ని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడం మా బాధ్యత.

పిండి, చక్కెర, గ్రుడ్లు, వెన్న హలాల్ పదార్థాలే. వాటితో చేసిన కేకూ హలాలే. కొన్ని కేకులలో రమ్ము కలుపుతారు గనుక కొనేముందు బేకరీవారిని విచారించాలి. అయితే కేకును నికాహ్‌లో భాగమని భావించరాదు. ఈజాబు, ఖబూలు, సాక్షులు, మహర్ ఉన్నచోట కేకు లేదని ఏ వివాహానికీ లోటు రాదు.

హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ నుండి మరలివస్తూ దైవప్రవక్త (స) హజ్రత్ సఫియ్యా (రజి)ను వివాహమాడారు. ఆ వలీమాలో రొట్టె లేదు, మాంసం లేదు. నేలపై తోలు పరచి ఖర్జూరం, ఎండబెట్టిన పెరుగు, నెయ్యి ఉంచారు. అందరూ కలిసి తిన్నారు. మరి మన కేకును ఎవరు తింటున్నారు? వధూవరులు కోస్తారు, ఫోటోలు తీస్తారు, మిగిలిన క్రీమును మిత్రులు ఒకరి ముఖానికొకరు పూసుకుంటారు. గిన్నెలు తోమే స్త్రీకి, షామియానా కట్టిన కూలీకి ఒక్క ముక్కైనా చేరదు. క్రిందపడిన ముద్దను సైతం శుభ్రపరచి తినమన్న ప్రవక్త (స) అనుచరులకు ఇది తగునా? ధనికులను పిలిచి పేదలను విడిచిన వలీమా భోజనమే అన్నిటికంటే చెడ్డదని హజ్రత్ అబూ హురైరా (రజి) హెచ్చరించారు.

ఒకనాడు దైవప్రవక్త (స) పాలు త్రాగి, మిగిలినవి ఇవ్వదలచారు. ఎడమవైపు హజ్రత్ అబూబక్ర్ (రజి), కుడివైపు ఒక పల్లెవాసి ఉన్నారు. ఆయన ఆ పాత్రను పల్లెవాసికే అందించారు. వడ్డనలో హోదాకు కాక కుడివైపుకే ప్రాధాన్యమని దీనివల్ల తెలుస్తోంది. కనుక బిస్మిల్లాహ్ అని కుడిచేత కోయండి. వచ్చినవారి సంఖ్యనుబట్టి ముక్కలు చేయండి. కుడివైపు నుండి పంచండి. పనివారిని మరువకండి. వడ్డించేవారు చివరగా తినండి. వధువును పరపురుషుల ఎదుట వేదికపై నిలపకండి.

మరొక మాట. 1840లో విక్టోరియా రాణి పెళ్ళి కేకు దాదాపు 300 పౌన్లు తూగింది. ఆ రాణి ఖజానా ఎక్కడ, మన రెక్కల కష్టం ఎక్కడ? అంతస్తుల కేకు కొరకు అప్పు చేయడం అవివేకం. వలీమా వరుని బాధ్యత. ఆ కేకు ఖర్చును వధువు తండ్రిపై మోపడం కట్నానికి మరో రూపమే. అది అన్యాయం. స్తోమత లేనివారు సిగ్గుపడనక్కరలేదు. అనకాపల్లి బెల్లం దేశమంతటా పేరుగన్నది. ఆ బెల్లంతో ఖీరు వండి అందరికీ పెట్టండి. పేదవాడు తృప్తిగా తిని దువా చేస్తే, అదే ఆ దంపతులకు గొప్ప కానుక.

అల్లాహ్ మన వివాహాలను సులభతరం చేయుగాక! మన విందులలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.