జీతం అడిగిన హంతకుడు: 'డచెస్ ఆఫ్ మాల్ఫీ'లో బొసోలా కథ

  క్యాంపుల్లో నెట్ సరిగా రాక ఆడియో ఆగిపోతోందని చాలామంది మెసేజ్ పెట్టారు. అందుకే మాట్లాడింది ఎప్పట్లాగే ఇక్కడ రాసి పెడుతున్నా.

ఈసారి నాలుగు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు నాటకం. ఆగండి ఆగండి, అప్పుడే కట్టేయకండి. ఇందులో కత్తులున్నాయి, విషముంది, దొంగ తాళంచెవి ఉంది, పిచ్చివాళ్ళ డాన్సు కూడా ఉంది. కానీ నేను దీని గురించి మాట్లాడదామనుకున్నది వాటి కోసం కాదు. ఇందులో ఒక మనిషి యజమాని చెప్పిన పని చేస్తాడు. ఘోరమైన పని. చేసి వచ్చి జీతం అడుగుతాడు. నిన్ను క్షమించి వదిలేస్తున్నా, అదే నీ జీతం అనుకో అంటాడు యజమాని. ఆ సీను చదివాక నాకు రెండు రోజులు వేరే ఏమీ తోచలేదు.

నాటకం పేరు 'ది డచెస్ ఆఫ్ మాల్ఫీ'. రాసింది జాన్ వెబ్‌స్టర్. ఇంగ్లండ్‌ని జేమ్స్ రాజు ఏలిన కాలం, అంటే 1603 నుంచి 1625 దాకా. జేమ్స్ అనే పేరు లాటిన్‌లో జాకోబస్, అందుకే ఆ కాలం నాటకాలని జాకోబియన్ అంటారు. ఈ నాటకాన్ని 1614 డిసెంబరు లోపే లండన్‌లో ఆడారు. ఆ సంగతి ఎలా తెలుస్తుందంటే, ఇందులో ఆంటోనియో వేషం వేసిన నటుడు ఆ నెలలో చనిపోయాడు. ఆడింది షేక్‌స్పియర్ ఉన్న కంపెనీయే. బ్లాక్‌ఫ్రయర్స్ అనే హాల్లో, కొవ్వొత్తుల వెలుగులో ఆడేవాళ్ళు. ఈ కొవ్వొత్తుల మాట గుర్తుంచుకోండి, చీకటితో తర్వాత పనుంది.

అప్పట్లో పగ నాటకాలంటే లండన్ జనం పడి చచ్చేవాళ్ళు. ఫార్ములా మన సినిమాలకి కొత్తేం కాదు. హీరోకి అన్యాయం జరుగుతుంది, చేసినవాడు పెద్దోడు కాబట్టి న్యాయం దొరకదు, హీరో తనే చంపుతాడు, చివరికి తనూ పోతాడు. 'హామ్లెట్' కూడా ఆ బాపతే. వెబ్‌స్టర్ మాత్రం దాన్ని తిరగేశాడు. ఇక్కడ పగ పట్టినవాళ్ళకి ఎవరూ ఏ అన్యాయమూ చేయలేదు. వాళ్ళ చెల్లెలు పెళ్ళి చేసుకుంది, అంతే.

ఇటలీ దక్షిణాన సముద్రం ఒడ్డున అమల్ఫీ అని ఒక ఊరు. అక్కడి డచెస్, అంటే ఆ ప్రాంతానికి రాణిలాంటి ఆమె, చిన్న వయసులోనే వితంతువు. ఒక అన్న కార్డినల్, చర్చిలో పెద్ద పదవి. ఇంకో అన్న ఫెర్డినాండ్, ఆమెతో కవల. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తొద్దని ఇద్దరూ బెదిరించి వెళ్తారు. వాళ్ళు గుమ్మం దాటీ దాటగానే ఆమె తన ఇంటి లెక్కలు చూసే ఆంటోనియోని పిలిచి, తన ఉంగరం అతని వేలికి తొడుగుతుంది. సాక్షి పనిమనిషి కరియోలా ఒక్కతే. అంతస్తు తక్కువవాణ్ణి చేసుకుందని, రక్తం చెడిందని, పరువు పోయిందని అన్నల గోల. ఈ మాటలు మనకి ఎవరూ అనువాదం చేసి చెప్పక్కర్లేదు, మన ఊళ్ళ పేర్లతోనే పేపర్లలో చదివాం.

ఇది ఉత్తి కల్పన కూడా కాదు. జొవన్నా అనే డచెస్ నిజంగా ఉంది. భర్త 1498లో పోయాడు. తర్వాత ఆంటోనియో బొలోన్యా అనే ఉద్యోగిని రహస్యంగా పెళ్ళాడింది. అతన్ని 1513లో మిలాన్‌లో పొడిచి చంపారు. చంపినవాడి పేరు డానియేలే ద బొజోలో. పాత కథల పుస్తకాల్లో వాడు చివర్లో అలా వచ్చి పొడిచి పోయే కిరాయి మనిషి. వెబ్‌స్టర్ ఆ పేరు తీసుకుని, వాణ్ణి నాటకం మొదటి సీన్ల నుంచి చివరిదాకా నిలబెట్టాడు. నా లెక్కలో ఆయన గొప్పదనమంతా ఇక్కడే ఉంది. వాడే బొసోలా.

బొసోలా స్టేజీ మీదకి రావడమే పాత బాకీ అడుగుతూ వస్తాడు. కార్డినల్ కోసం ఒక హత్య చేసి, దొరికిపోయి, గాలీల్లో శిక్ష అనుభవించి వచ్చాడు. గాలీలంటే ఖైదీల చేత తెడ్లు వేయించే ఓడలు. అక్కడ చొక్కా బదులు రెండు తువ్వాళ్ళు కట్టుకుని బతికానని చెప్పుకుంటాడు. కార్డినల్ ముఖం తిప్పుకుని వెళ్ళిపోతాడు. అప్పుడు ఫెర్డినాండ్ చేతిలో బంగారం పోస్తాడు. బొసోలా మొదట అడిగేది ఎవరి గొంతు కోయాలనే. అక్కర్లేదు, మా చెల్లెలింట్లో గుర్రపుశాల మీద అధికారిగా చేరు, ఆమె ఏం చేస్తోందో నాకు చెబుతుండు అంటాడు ఫెర్డినాండ్. బొసోలా వద్దనే చూస్తాడు. కానీ ఉద్యోగం ముందే ఖాయం చేసేశారు. ఇప్పుడు కాదంటే విశ్వాసం లేనివాడవుతాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్తా. షార్జాలో షట్టరింగ్ పనిలో ఉన్నప్పుడు మాకు మూడు నెలలు జీతాలు ఆగాయి. లేబర్ ఆఫీసుకి పోదామని రూముల్లో గుసగుసలు. క్యాంపు చూసుకునే అతను ఒక శుక్రవారం నన్ను పిలిచి, చాయ్ తాగించి, ఎవరెవరు మాట్లాడుతున్నారో పేర్లు చెప్తే స్టోర్‌లో పని ఇప్పిస్తా అన్నాడు. ఎండలో పనిచేసేటోనికి ఏసీ స్టోర్ అంటే ఏంటో మీకు తెల్సు. నేను చెప్పలేదు. వీరుణ్ణని కాదు, చెప్తే రాత్రి పోయి ఆ మనుషుల మధ్యనే పడుకోవాలి కదా! వేరే బ్లాకులో ఎవరో చెప్పారు. నలుగుర్ని ఇంటికి పంపేశారు. చెప్పినతనికి స్టోర్ పని రాలేదు. నేను అక్కడున్నన్నాళ్ళూ అతను ఎండలోనే ఉన్నాడు, ఎవరూ అతనితో కూర్చుని తినేవాళ్ళు కాదు.

మళ్ళీ నాటకంలోకి. డచెస్ గర్భవతేమోనని బొసోలాకి అనుమానం. ఆ ఏడు తొలికాపు ఏప్రికాట్ పళ్ళు తెచ్చి ఇస్తాడు. ఆమె ఆశగా తింటుంది. తిన్నాక, వాటిని గుర్రపు పేడలో మాగబెట్టారని చెప్తాడు. ఆ రాత్రే నొప్పులొస్తాయి, కొడుకు పుడతాడు. ఆంటోనియో రాసిన జాతకం కాగితం చీకట్లో జారిపడితే అది బొసోలాకి దొరుకుతుంది. వెంటనే అన్నలకి ఉత్తరం పోతుంది.

అయినా బిడ్డ తండ్రి ఎవరో ఏళ్ళ తరబడి తెలుసుకోలేకపోతాడు, ఈలోగా ఇంకో ఇద్దరు పిల్లలు పుడతారు. చివరికి ఎలా తెలిసిందో చూడండి. భర్తని తప్పించడానికి డచెస్, ఆంటోనియో లెక్కల్లో మోసం చేశాడని అందరి ముందూ గెంటేసినట్టు నటిస్తుంది. మిగతా నౌకర్లంతా వెంటనే అతన్ని తిట్టడం మొదలెడతారు. బొసోలా ఒక్కడే అతను నిజాయితీపరుడని, అలాంటి మనిషిని పోగొట్టుకున్నారని అంటాడు. భర్తని పొగిడేసరికి ఆమె మనసు కరిగి, అతనే నా భర్త అని చెప్పేస్తుంది. అది వల అంటారు చాలామంది. నాకైతే బొసోలా ఆ మాటలు మనసులోంచే అన్నాడనిపిస్తుంది. సాటి పనివాడు కష్టపడి పైకొచ్చాడంటే లోపల ఎక్కడో సంబరం ఉండదా? ఉంది, అయినా ఆ రహస్యం తీసుకెళ్ళి ఫెర్డినాండ్‌కి అమ్మేశాడు. తెలియక చేశాడంటే క్షమించొచ్చు. ఇతను తెలిసీ చేశాడు.

ఆమెని పట్టుకుని బంధిస్తారు. భర్తా పిల్లలూ చనిపోయినట్టు మైనపు బొమ్మలు చూపిస్తారు. పిచ్చివాళ్ళని తెచ్చి గది ముందు ఆడిస్తారు. చంపాల్సిన రోజు బొసోలా తన ముఖంతో ఆమె ముందుకి వెళ్ళలేక ముసలివాడి వేషంలో వెళ్తాడు. ఆమె మాత్రం బెదరదు. ఉరితాడు ఎదురుగా ఉన్నా, చిన్నోడికి జలుబు చేసింది సిరప్ తాగించు, పాప పడుకునే ముందు ప్రార్థన చేయించు అని కరియోలాకి చెప్తుంది. దేశం కాని దేశంలో ఉండి పిల్లలకి ఫోన్లో జాగ్రత్తలు చెప్పే అక్కలూ, అన్నలూ, ఇక్కడ ఆగకుండా చదవడం కష్టం. ఆమె తర్వాత కరియోలానీ, ఇద్దరు పిల్లల్నీ కూడా చంపేస్తారు.

ఫెర్డినాండ్ వస్తాడు. చెల్లెలి ముఖం చూడలేక కప్పెయ్యమంటాడు. వెంటనే తిరగబడతాడు: ఏ అధికారంతో చంపావు, ఏ కోర్టు తీర్పిచ్చింది? మీ అధికారంతోనే అంటాడు బొసోలా. నాకు రావాల్సింది ఇవ్వండి అంటాడు. అప్పుడే ఆ క్షమాపణ జీతం. సాక్ష్యంగా కాగితం లేదు, ఆర్డరంతా నోటిమాటే.

వెబ్‌స్టర్ ఇది గాలిలోంచి పుట్టించలేదు. సరిగ్గా ఆ కాలంలోనే, 1613లో, టామస్ ఓవర్‌బరీ అనే ఆయన లండన్ టవర్‌లో ఖైదీగా ఉండగా చనిపోయాడు. విషం పెట్టారని తర్వాత కేసయింది. ఆ పని చేసిపెట్టిన చిన్నవాళ్ళు నలుగుర్ని ఉరితీశారు. చేయించిన సోమర్సెట్ ప్రభువు దంపతులకీ శిక్ష పడింది గానీ రాజు వాళ్ళకి ఉరి తప్పించాడు, 1622లో బయటికొచ్చేశారు. ఈ తీర్పు నాటకం ఆడిన తర్వాత వచ్చింది. అంటే వెబ్‌స్టర్ దాన్ని చూసి రాయలేదు, తన చుట్టూ ఉన్న దర్బారుని చూసి రాశాడు.

ఐదో అంకంలో బొసోలా ఎదురు తిరుగుతాడు. ఫెర్డినాండ్ అప్పటికే తోడేలునయ్యానని భ్రమపడి సమాధులు తవ్వుతున్నాడు. కార్డినల్ తన ఉంపుడుగత్తె జూలియాని విషం పూసిన పుస్తకం ముద్దు పెట్టుకోమని చంపేశాడు. ఆంటోనియోనైనా కాపాడదామని బొసోలా బయలుదేరి, చీకట్లో కార్డినల్ మనిషి అనుకుని ఆంటోనియోనే పొడుస్తాడు. స్టేజీ మీద కొవ్వొత్తులు తగ్గించి ఈ సీను ఆడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తర్వాత కార్డినల్ మీద పడతాడు. కార్డినల్ కేకలు పెడతాడు. ఎవరూ రారు, ఎందుకంటే జూలియా శవం మాయం చేయడానికి ఆ రాత్రి తనే అందరికీ ఆజ్ఞ ఇచ్చాడు, నేను అరిచినా కిందికి రావద్దు, అది నటన అని. పైనున్నవాళ్ళు వింటూ, భలే నటిస్తున్నారని నవ్వుకుంటారు. ఇంత నల్లటి జోకు నేను ఇంకెక్కడా చూడలేదు.

ముగ్గురూ ఒకర్నొకరు పొడుచుకుని పోతారు. పోయేముందు బొసోలా ఈ పగ ఎవరి కోసమో లెక్క చెప్తాడు. డచెస్ కోసం, ఆంటోనియో కోసం, జూలియా కోసం. చివర్న తన కోసం, ఇంత చేయించుకుని వదిలేసిన తన కోసం. ఆ చివరి పేరు దగ్గర మీకు జాలేస్తుందా కోపమొస్తుందా, వాయిస్ మెసేజ్ పెట్టండి. మా రూములో ఇద్దరికి ఇద్దరం వాదించుకున్నాం, తేలలేదు.

నాటకం గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. ఇంగ్లీషు కష్టమే, అబద్ధం చెప్పను. మొదటి అంకం దగ్గర ఆగిపోతే నేరుగా నాలుగో అంకానికి వెళ్ళండి, కథ ఎలాగూ ఇప్పుడు తెలుసు కదా.