బంపరు తొడుగు వెనుక

కారు ముందువైపున, బండి వెడల్పంతయు ఆవరించి, నునుపుగా రంగు వేసియుండు భాగమును మనమందరము బంపరు అని పిలుచుచున్నాము. నిజమునకు అది బంపరు మీది తొడుగు మాత్రమే. దెబ్బ కాచునది దాని వెనుక దాగియున్న దూలము. ఈ రెంటికిని గల భేదమెట్టిది, ఆ తొడుగును ఇంటివద్దనే పదిలముగా విప్పి లోపలి సంగతి చూచుకొనుట ఎట్లు, తిరిగి దానిని యథాస్థానమున అమర్చుట ఎట్లు అను విషయములను నేడు ముచ్చటించుకొందము.

పూర్వము ఈ భేదము లేదు. అంబాసిడరు కారును ఎరుగని తెలుగువారు అరుదు. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో 2014వ సంవత్సరము వరకు తయారైన ఆ బండి పాత నమూనాలకు ముందువైపున తళతళలాడు ఉక్కు పట్టీ ఉండెడిది. బంపరన్నను, దాని తొడుగన్నను అదియే. సొట్ట పడినచో పడినట్లు, వంగినచో వంగినట్లు కంటికి కనబడెడిది. అయితే ఎదురుపడిన మనిషి పాలిటికి ఆ గట్టి ఉక్కు పట్టీ దయగలది కాదు. 1968లో అమెరికాలో పాంటియాకు జీటీఓ, 1972లో ఫ్రాన్సులో రెనో 5 వంటి బండ్లు ముందు భాగమునకు కృత్రిమ పదార్థములను వాడి క్రొత్త దారి చూపినవి. నేడు మన వీధులలో తిరుగు కార్లలో హెచ్చుపాలు ఆ దారిని వచ్చినవే.

నేటి కారు ముందు భాగమున సాధారణముగా మూడు పొరలుండును. పై పొర తొడుగు. ఇది పాలీప్రొపిలీను అను ప్లాస్టికులో రబ్బరు గుణము కల పదార్థమును కలిపి పోతపోసినది. దాని వెనుక థర్మోకోలును పోలిన తేలికపాటి దిమ్మ ఉండును. కొన్ని చిన్న కార్లలో ఈ దిమ్మ తయారీలోనే ఉండదు. మూడవది ఉక్కుతోగాని అల్యూమినియముతోగాని చేసిన అడ్డ దూలము. ఈ దూలము రెండు కొనలయందు చిన్న పెట్టెల వంటి లోహపు దిమ్మెలపై నిలిచి, కారు చట్రమునకు బోల్టులతో బిగింపబడియుండును. గట్టి దెబ్బ తగిలినపుడు ఆ పెట్టెలు మడతలు మడతలుగా నలిగి, దెబ్బలోని శక్తిని తాము మ్రింగి, లోనికి పోనీయకుండ అడ్డుపడును. నడిమి దిమ్మ చిన్న దెబ్బలను మెత్తబరచును. పాదచారి కాలికి తగులు బలమునుకూడ కొంత తగ్గించును.

ఇందులో మనము గమనింపవలసిన చిక్కు ఒకటి కలదు. ప్లాస్టికు తొడుగు సాగి తిరిగి ముడుచుకొను గుణము కలది. గోడకో, స్తంభమునకో తగిలిన బండి తొడుగు ఒక్క క్షణము లోనికి పోయి, మరల తన రూపమునకు వచ్చివేయును. పైకి చిన్న గీత తప్ప మరేమియు కనబడదు. లోపల దిమ్మ చితికియుండవచ్చును, దూలము వంగియుండవచ్చును. చితికిన దిమ్మ రెండవమారు అట్లే పనిచేయదు. నలిగిన పెట్టె మరల నలుగుటకు దానియందు చోటుండదు. ఒక గృహస్థుడు నాలుగేండ్లు వాడిన కారును కొన్నాడనుకొందము. రంగు క్రొత్తగా మెరయుచున్నది; బేరము నచ్చినది. వెనుకటి యజమాని కాలమున బండికి దెబ్బ తగిలి, దిమ్మ తిరిగి పెట్టకయే తొడుగు మాత్రము మార్చి రంగు వేసియున్నచో ఆ సంగతి అతనికి చెప్పువారెవరు? పైన పటారము, లోన లొటారము అను సామెత ఇట్టి బండి కొరకే పుట్టినదా అనిపించును. భార్యాబిడ్డలను కూర్చుండబెట్టుకొని పెద్ద రోడ్డెక్కువాడు ఒక్కసారి ఆ తొడుగు విప్పి చూచుకొనుట వృథా శ్రమ కాదు.

ఈ పని అందరు అన్నివేళల చేయదగినది కాదు. గాలిసంచి విచ్చుకొనునంతటి దెబ్బ తగిలిన బండిని, నీరో నూనెయో కారుచున్న బండిని ఇంటివద్ద తాకరాదు. భీమా సొమ్ము కోరదలచినవారు ముందుగా కంపెనీకి తెలియజేసి, సర్వేయరు చూచిన పిమ్మటనే విప్పవలెను. ముందున్న వాహనమును రాడారుతో కనిపెట్టి తనంతట తానే బ్రేకు వేయు బండ్లలో ఆ రాడారు గ్రిల్లు వెనుకనో తొడుగు వెనుకనో అమర్చియుండును. అది కొద్దిగా ప్రక్కకు తిరిగినను దాని చూపు తప్పిపోవును. అట్టి బండిని కంపెనీ వర్కుషాపునకే విడువవలెను. విద్యుత్తుతో నడచు కార్లలో నారింజరంగు తీగలు కనబడినచో వాటి జోలికి పోరాదు. మిగిలిన సాధారణమైన చిన్న కార్లకు ఈ క్రింది పద్ధతి వర్తించును. స్క్రూల సంఖ్య, స్థానము ఒక్కొక్క బండికి ఒక్కొక్క తీరుగా ఉండును గనుక తమ నమూనా మరమ్మతు పుస్తకమును ముందుగా చూచుకొనుట మేలు.

కావలసిన పనిముట్లు స్వల్పము. నాలుగు పలకల మొన గల స్క్రూడ్రైవరు, 10 నెంబరు పానా, క్లిప్పులు పెకలించుటకు చీలిన కొన గల ప్లాస్టికు పరికరము, రంగుమీద అంటించు కాగితపు టేపు, నేలపై పరచుటకు పాత దుప్పటి, స్క్రూలు వేయుటకు మూడు నాలుగు గిన్నెలు. ఐరోపా కంపెనీల బండ్లలో నక్షత్రపు ఆకారపు మొన గల స్క్రూడ్రైవరు కావలసి రావచ్చును. వీటన్నిటికంటె ముఖ్యమైనది తోడు మనిషి. తొడుగు బరువు తక్కువే. కాని అయిదడుగులకు మించిన పొడవు కలిగి, ఊగులాడుచుండునది. ఒక్కరే పట్టినచో రెండవ కొన నేలకు రాచుకొనును.

బండిని చదునైన నేలపై నిలిపి, హ్యాండుబ్రేకు వేసి, వెనుక చక్రములకు రాళ్లో చెక్కలో అడ్డుపెట్టవలెను. ఇంజను చల్లారనీయవలెను. స్టీరింగును ఒక ప్రక్కకు త్రిప్పియుంచినచో చక్రమునకును తొడుగు అంచునకును నడుమ చేయి పట్టు చోటు దొరకును. పిమ్మట తాళము తీసి, బ్యాటరీ నల్లని తీగను విప్పి, కొన్ని నిమిషములు ఆగవలెను. గాలిసంచికి సంబంధించిన విద్యుత్తు నిలువ తగ్గుటకు ఆ విరామము అవసరము. జాకీ ఒక్కదానిమీద నిలిచిన బండి క్రిందికి తలగాని చేయిగాని పెట్టరాదు. ఇందులో మినహాయింపు లేదు. రంగు గీసుకొనకుండ, తొడుగు మడ్‌గార్డును కలియు మూలలయందు రెండు వైపుల కాగితపు టేపు అంటించవలెను.

ఇక విప్పుట. దీనికి ఒక వరుస కలదు: పైన, ప్రక్కల, అడుగున, చివరకు మూలలు. బానెట్టు ఎత్తి చూచినచో తొడుగు పై అంచు వెంబడి కొన్ని ప్లాస్టికు క్లిప్పులు కనబడును. వాటి నడుమ చిన్న చీల ఉండును. మొదట ఆ చీలను పైకి లేపవలెను. తరువాతనే క్లిప్పు ఊడును. చీలను లేపక క్లిప్పునే పెకలించువాని చేతికి విరిగిన ముక్క వచ్చును. బోల్టులున్నచో 10 నెంబరు పానాతో విప్పవలెను. తరువాత చక్రపు గూటిలో, తొడుగు అంచును లోపలి నల్లని ప్లాస్టికు రేకుతో కలుపు స్క్రూలను తీయవలెను. ఆ రేకును మెల్లగా ప్రక్కకు వంచినచో, మడ్‌గార్డునకు తొడుగును పట్టియుంచు స్క్రూ ఒకటి చాల బండ్లలో కనబడును. హెచ్చుమంది మరచునది ఇదియే. దానిని తీయక లాగినచో మూల చిరుగును. రెండవ ప్రక్కను చూచుటకు స్టీరింగును మరల త్రిప్పుకొనవలెను. అటుపిమ్మట అడుగుభాగపు క్లిప్పులు. పైవాటిని ఒక గిన్నెలో, ప్రక్కవాటిని మరొక గిన్నెలో, అడుగువాటిని వేరొక గిన్నెలో వేసినచో బిగించునాడు వెదుకులాట ఉండదు. విప్పుటకు ముందు ప్రతి చోటును ఫోనుతో ఒక ఫొటో తీసికొనుట మరింత మేలు. కొత్త నెంబరు ప్లేటు ఒకమారు తీసిన తిరిగి పనికిరాని తాళపు మేకులతో బిగింపబడియుండును గనుక దానిని కదపక తొడుగుతోపాటే రానీయవలెను.

స్క్రూలన్నియు వచ్చిన తరువాతకూడ తొడుగు మూలలను రెండు ప్లాస్టికు పట్టీలు పట్టియుండును. చక్రపు గూటి వద్ద అంచును పట్టుకొని మొదట ప్రక్కకు, అనగా బండికి దూరముగా లాగవలెను. టక్కుటక్కుమని చిన్న చప్పుళ్లతో పట్టీ విడిపోవును. రెండు మూలలు విడిన తరువాతనే ముందుకు జరుపవలెను. ఎక్కడనైన కదలక మొరాయించినచో బలము వాడరాదు. తీయని స్క్రూ ఇంకను ఉన్నదనియే దానికి అర్థము. నిదానమే ప్రధానము. చలిలో ప్లాస్టికు బిరుసెక్కి తేలికగా విరుగును గనుక శీతకాలపు వేకువను మాని, ఎండ పొడ తగిలిన వేళ ఈ పని పెట్టుకొనవలెను. జానెడు దూరము ముందుకు రాగానే ఆగి, మంచులైట్లకు, పార్కింగు సెన్సారులకు పోవు తీగలను చూడవలెను. కనెక్టరు మీది నాలుకను నొక్కి ఊడదీయవలెనేగాని తీగను పట్టి లాగరాదు. ఇప్పుడు ఇద్దరు చెరొక కొన పట్టి, తొడుగును దుప్పటిపై వెల్లకిల పరుండబెట్టవచ్చును.

అసలు పని ఇప్పుడు మొదలగును. ఎదుట నిలిచి దూలమును పరికించుడు. రెండు కొనలు సమానమైన ఎత్తులో, రేడియేటరునకు సమానమైన దూరములో ఉన్నవా? పెట్టెలలో మడతలున్నవా? బోల్టుల వద్ద రంగు చిట్లినదా? దిమ్మ పగిలినదా, చితికినదా, అసలు లేదా? లేనిచో తమ నమూనాకు అది ఉండవలసినదియేనా అని విడిభాగముల దుకాణమున అడిగి తెలిసికొనవలెను. వంగిన దూలమును సుత్తితో సరిచేయుట కూడదు. దానిని మార్పించుటయే తగిన పని. పిమ్మట ఏసీ జల్లెడను చూడుడు. ఎండుటాకులు, పురుగులు, మట్టి అందులో పేరుకొని గాలిని అడ్డగించియుండును. మన వేసవిలో ఏసీ చల్లదనము తగ్గుటకు, ఇంజను వేడెక్కుటకు ఇది ఒక కారణము. నీటిని మెల్లని ధారగా వదలి కడుగవలెను. జోరుగా కొట్టినచో పలుచని రేకులు వంగిపోవును. ఎలుకలు కొరికిన తీగలున్నచో అవియు ఇప్పుడే బయటపడును.

తిరిగి అమర్చునపుడు వరుస తిరుగబడును. మొదట తీగలు కలుపవలెను. మిగిలిన కనెక్టరులేవియు ఊడియుండలేదని చూచుకొని, నల్లని తీగను బ్యాటరీకి తగిలించి, లైట్లు వెలుగుచున్నవో లేదో పరీక్షించి, మరల ఆ తీగను విప్పవలెను. తరువాత రెండు మూలలను పట్టీలలో కూర్చి, మడ్‌గార్డుతోను లైట్లతోను సందు రెండు వైపుల సమానముగా వచ్చినదా అని చూడవలెను. స్క్రూలన్నిటిని మొదట చేతితోనే రెండు మూడు చుట్లు ఎక్కించి, అన్నియు కూర్చున్న తరువాత బిగించవలెను. ప్లాస్టికులో అతిగా బిగించిన స్క్రూ పట్టు కోల్పోవును. విరిగిన క్లిప్పునకు బదులు క్రొత్తది పెట్టవలెనుగాని తీగచుట్టతో సరిపెట్టరాదు. వేగముగా పోవునపుడు గాలి అంచు క్రిందికి దూరి, వదులుగా ఉన్న తొడుగును చింపివేయగలదు. గిన్నెలో ఒక్క స్క్రూ మిగిలినను దాని చోటు వెదకి బిగించి, అటుపిమ్మటనే బ్యాటరీ తీగను శాశ్వతముగా తగిలించవలెను. చేయితిరిగిన మెకానికు అరగంటలో ముగించు ఈ పనికి తొలిసారి ఒక పూట పట్టినను చిన్నతనము లేదు.

ఇంత చూచిన తరువాత మరొక సంగతి తెల్లమగును. బండికి బలము చాలదని ముందువైపున ఇనుప గొట్టములు బిగించుకొనువారు కలరు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ ఇవి మోటారు వాహనముల చట్టమునకు విరుద్ధమని, వీటిపై చర్య గైకొనవలెనని రాష్ట్రములకు వ్రాసినది. కారణము సులభము. నలుగుటకై కట్టిన పెట్టెలను నలుగనీయక, ఆ గొట్టములు దెబ్బను నేరుగా చట్రమునకు పంపును. గాలిసంచి విచ్చుకొనవలసిన అదనును తప్పించగలవు. ఎదుట నడచువాని కాలికి ఇనుమునే చూపును. తొడుగు మెత్తనిదై ఉండుట లోపము కాదు, దాని ధర్మము. దాని వెనుకనున్న దిమ్మ, పెట్టెలు, దూలము తమ తమ ధర్మములు నిర్వర్తింపగల స్థితిలో ఉన్నవో లేవో చూచుకొనుట యజమాని ధర్మము. రాబోవు సెలవు దినమున, బండికి ఎన్నడైన దెబ్బ తగిలియున్న గృహస్థులు ఒక తోడు మనిషిని పిలుచుకొని, దుప్పటి పరచి, మొదటి క్లిప్పు మీద చేయి వేయుదురుగాక.