మీటరుకు తగిన కరెంటు ట్రాన్స్‌ఫార్మరు

అంగడిలో సరుకు కొనే గృహస్థు త్రాసు ముల్లును చూస్తాడు. తూనికరాయి మీద ముద్ర ఉన్నదీ లేనిదీ కూడా చూస్తాడు. విద్యుచ్ఛక్తి విషయంలో మాత్రం మనం మీటరు అంకెలను చూచి తృప్తి పడుతున్నాము. బియ్యపు మిల్లుల్లో, నూలు మిల్లుల్లో, పెద్ద ఆసుపత్రుల్లో ఉండే మీటరు త్రాసు ముల్లు వంటిది. దాని తూనికరాయి వేరే ఉన్నది. దాని పేరు కరెంటు ట్రాన్స్‌ఫార్మరు. దానిని తగినట్లు ఎన్నుకొనకపోతే ఎంత మేలైన మీటరైనా అసత్యమే పలుకుతుంది.

మన ఇళ్ళలో వాడే విద్యుత్ప్రవాహమంతా నేరుగా మీటరు గుండానే పోతుంది. వందలకొలది ఆంపియర్ల ప్రవాహాన్ని అలా పోనివ్వడం ఆచరణయోగ్యం కాదు. అందుచేత దానిని ఒక నిశ్చిత నిష్పత్తిలో తగ్గించి మీటరుకు అందిస్తారు. నామఫలకం మీద 200/5 అని ఉంటే, ప్రధాన మార్గంలో 200 ఆంపియర్లు పోయేటప్పుడు మీటరులో 5 ఆంపియర్లు పోతాయని అర్థం. మీటరులోనే లెక్క కట్టే ఏర్పాటు లేనిచోట, అది చూపిన అంకెను 40 చేత గుణిస్తే గాని నిజమైన వాడకం తేలదు.

పెద్దది తెచ్చిపెట్టుకొంటే ఎప్పటికైనా పనికివస్తుందని పలువురి నమ్మకం. ఇది పొరపాటు. 75 కిలోవాట్ల బియ్యపు మిల్లు ఒకటి ఉన్నదనుకొందాము. 415 వోల్టుల మూడు ఫేజుల సరఫరాలో, పవర్ ఫాక్టరు 0.9 అయితే, అది నిండుగా ఆడేటప్పుడు తీసుకొనేది సుమారు 116 ఆంపియర్లు. దానికి 150/5 చక్కగా సరిపోతుంది. రేపటి విస్తరణ పేరు చెప్పి 400/5 బిగించారనుకోండి. మిల్లు ఆడని రోజుల్లో దీపాలకు, చిన్న మోటార్లకు 10 ఆంపియర్లే కావలసి ఉంటే, అది 400లో నూటికి రెండున్నర పాలు మాత్రమే. 0.5 తరగతి ట్రాన్స్‌ఫార్మరు నిండు ప్రవాహం దగ్గర నూటికి అర పాలుకు మించి తప్పు చూపరాదు. నూటికి 5 పాళ్ళ ప్రవాహం దగ్గర ఒకటిన్నర పాలు వరకు తప్పు చూపవచ్చు. అంతకంటె దిగువన ఏ హామీ లేదు. అదే 10 ఆంపియర్లు 150లో దాదాపు ఆరున్నర పాళ్ళు; అంటే హామీ లోపలిదే.

భారం తరచు మారే చోట 0.5ఎస్ తరగతి ఎన్నుకొనడం ఉచితం. దాని హామీ నూటికి ఒక పాలు ప్రవాహం వరకు దిగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు తరగతి మీటరు తరగతికి తీసిపోరాదని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006 నిబంధనలు శాసిస్తున్నాయి.

ఇక తీగల సంగతి. ట్రాన్స్‌ఫార్మరు మోయవలసిన బరువును పరిభాషలో బర్డెన్ అంటారు. మీటరు 10 మీటర్ల దూరాన ఉంటే, రాకపోకలకు 20 మీటర్ల తీగ కావాలి. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగ అయితే, 5 ఆంపియర్ల వద్ద ఆ తీగకే మూడున్నర వోల్టాంపియర్లకు పైగా ఖర్చవుతుంది. దూరం రెట్టింపయితే 5 వోల్టాంపియర్లకు చేసిన ట్రాన్స్‌ఫార్మరు దానిని మోయలేదు. మీటరు దూరాన ఉండక తప్పనప్పుడు 1 ఆంపియరు రకాన్ని ఎన్నుకొంటే ఆ బరువు ఇరవై అయిదవ వంతుకు తగ్గుతుంది. అయితే బర్డెన్ అవసరానికి మించి ఉండడమూ మంచిది కాదు. 0.5 తరగతికి ఇచ్చే హామీ, నిర్ణీత బర్డెన్‌లో నాలుగవ వంతు మొదలుకొని పూర్తి బర్డెన్ వరకే వర్తిస్తుంది.

బిగించేటప్పుడు జాగ్రత్త మరింత అవసరం. మూడు ఫేజులూ సమంగా ఉన్నచోట ఒక ట్రాన్స్‌ఫార్మరు తీగలు తారుమారైతే, మీటరు అసలు వాడకంలో మూడవ వంతే చూపుతుంది. ప్రధాన మార్గంలో ప్రవాహం ఉండగా మీటరు వైపు తీగలను విప్పి వదలివేస్తే, ఆ కొసల మధ్య ప్రాణాంతకమైన వోల్టేజి పుట్టవచ్చు. విప్పేముందు వాటిని ఒకదానితో ఒకటి కలిపి తీరవలసినదే.

అన్నీ సరిగా ఉన్నా, కాగితం మీద ఒక్క అంకె తప్పితే చాలు. హర్యానాలో ఒక పారిశ్రామిక వినియోగదారుకు గుణకం 10కి బదులు 5 అని వ్రాసి, 2006 నుండి మూడేళ్ళకు పైగా సగం వాడకానికే బిల్లులు ఇచ్చారు. 2009లో తప్పు బయటపడగానే కోటి రూపాయలకు పైబడిన అదనపు బిల్లు వచ్చింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021లో వినియోగదారు ఓడిపోయాడు. లాభమని తోచిన సగం బిల్లు చివరకు అప్పుగా మిగిలింది.

కాబట్టి మిల్లు యజమానులు, సంస్థల నిర్వాహకులు నామఫలకం మీది నిష్పత్తి, తరగతి, బర్డెన్ అనే మూడింటినీ వ్రాసి ఉంచుకొనడం మంచిది. బిల్లులోని గుణకం ఆ నిష్పత్తితో సరిపోయినదీ లేనిదీ మొదటి నెలలోనే చూచుకొనాలి. తూకం సరిగా ఉంటే కొన్నవాడికీ అమ్మినవాడికీ ఇద్దరికీ నిశ్చింతే గదా.